నారు పోయకముందే ఇంట్లో వంద గింజలు మొలకెత్తించి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మిరప విత్తనాల సీజన్ మొదలయ్యే ముందే ఈ ఉత్తరం అచ్చయితే బాగుంటుందని ఆశతో రాస్తున్నాను. మాది గుంటూరు పక్కన మిరప పండించే కుటుంబం. ఏటా జూన్ చివరి నుంచి విత్తనాల కొట్ల ముందు రైతులు నిలబడి, ఎవరో చెప్పిన కంపెనీ పేరు పట్టుకుని, ఆ ప్యాకెట్ దొరుకుతుందో లేదో అని టెన్షన్ పడుతూ, దొరికితే చాలు అన్నట్టు కొనుక్కుని నేరుగా మడిలో చల్లేస్తున్నారు. రెండు వారాలయ్యాక మడి పలచగా కనిపిస్తే అప్పుడు మొదలవుతుంది గొడవ. కొట్టాయన "నీళ్ళు ఎక్కువ పెట్టుంటావ్" అంటాడు, రైతు "విత్తనమే చచ్చింది" అంటాడు, ఎవరి మాట నిజమో తేల్చడానికి ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. మా ఇంట్లో కూడా ఒక సీజన్‌లో ఇదే జరిగింది. ఆ కొట్టు పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే అలాంటివి ఒకటి రెండు కావు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విత్తనాన్ని మడిలో పోయకముందు, అందులోంచి వంద గింజలు తీసి ఇంట్లో తడిగుడ్డలో మొలకెత్తించి చూడండి. ఖర్చు దాదాపు ఏమీ లేదు. కనీసం రెండు వారాలు ముందుగా విత్తనం కొనుక్కోవాలి, అంతే.

దీన్ని ఎలా చేయాలో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చేసేవాళ్ళు కూడా సగం చేసి తప్పు లెక్క తెచ్చుకుంటున్నారు. ప్యాకెట్ మొత్తాన్ని ఒక పళ్ళెంలో పోసి కలిపి, ఏరకుండా, లావు గింజ సన్న గింజ అని చూడకుండా వంద లెక్కపెట్టాలి. మంచివి ఏరి పరీక్షిస్తే మంచి ఫలితమే వస్తుంది, మడిలో మాత్రం అన్నీ పడతాయి కదా. ల్యాబుల్లో వందేసి చొప్పున నాలుగు వందల గింజలు పెడతారు. హైబ్రిడ్ మిరప విత్తనం బంగారం ధరలా ఉంది కాబట్టి వంద కూడా పెట్టలేననుకుంటే యాభై అయినా పెట్టండి, పది గింజలతో మాత్రం ఏమీ తెలియదు. ఉతికిన పాత నూలుగుడ్డ తీసుకుని తడిపి, గట్టిగా పిండి, నీటిబొట్టు కారకుండా ఉన్నప్పుడు దాని మీద గింజలు ఒకదానికొకటి తగలకుండా వరసలుగా పేర్చి, ఇంకో తడిగుడ్డ కప్పి, వదులుగా చుట్టి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. మూత బిగించకూడదు. గింజకు నీళ్ళు ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. చాలామంది గుడ్డను నీళ్ళల్లో తేలేలా ఉంచుతారు, లోపల గింజకు గాలి అందక కుళ్ళిపోతుంది, తర్వాత విత్తనం మంచిది కాదంటారు.

వేడి సంగతి కూడా చూసుకోవాలి. మిరపకు పాతిక నుంచి ముప్పై డిగ్రీలు బాగా సరిపోతుంది. మన గుంటూరులో, బెజవాడలో జూన్‌లో రేకుల గదిలోనో మిద్దె పైగదిలోనో పెడితే ముప్పై ఐదు దాటిపోతుంది, మంచి గింజ కూడా సరిగా మొలవదు. ఇంట్లో చల్లగా ఉండే చోట, నేలమీద, తాగే నీళ్ళ కుండ పక్కన పెట్టండి. అలాగని రాత్రంతా ఏసీ వేసే గదిలో పెడితే మరీ ఆలస్యమవుతుంది. రోజుకొకసారి విప్పి చూసి, గుడ్డ ఆరుతుంటే చిలకరించి, బూజు పట్టిన గింజ ఉంటే తీసి లెక్క రాసుకోవాలి.

మిరప తొందరపడే గింజ కాదు. మినుము, పెసర నాలుగో రోజుకే తేలిపోతాయి. మొక్కజొన్న కూడా అంతే. మిరపకు, వంగకు ల్యాబుల్లో మొదటి లెక్క ఏడో రోజున, చివరి లెక్క పద్నాలుగో రోజున తీస్తారు. టమాటకు ఐదో రోజున, పద్నాలుగో రోజున. కాబట్టి మూడో రోజున ఏమీ కనపడలేదని పారేయొద్దు.

లెక్కలోనే అసలు పొరపాటు జరుగుతోంది. గింజ పగిలి తెల్లగా వేరుమొన కనపడగానే మొలిచినట్టు లెక్కేస్తున్నారు. అది సరిపోదు. తల్లివేరు నిటారుగా సాగాలి, కాడ రావాలి, రెండు బీజదళాలు, అంటే గింజలోంచి మొదట వచ్చే జంట ఆకులు, ఆరోగ్యంగా విచ్చుకోవాలి, అదీ పనికొచ్చే మొలక. వేరు మొదట్లోనే నల్లబడినవి, మెలికపడి పొట్టిగా ఆగిపోయినవి, ఆకు లేకుండా కాడ మాత్రమే వచ్చినవి మడిలో బతకవు. పాతబడిన విత్తనంలో ఇలాంటివే ఎక్కువ వస్తాయి. ఏడో రోజుకు ఎన్ని వచ్చాయి, పద్నాలుగో రోజుకు ఎన్ని వచ్చాయి అన్నది కూడా చూడాలి. రెండు విత్తనాలకూ చివరికి ఎనభైయే వచ్చినా, ఒకదానికి ఏడో రోజుకే డెబ్బై వచ్చి, రెండోదానికి ముప్పై మాత్రమే వచ్చి ఉంటే, మొదటిదే బలమైన విత్తనం. రెండోది మడిలో ఒక వాన పడగానే వెనకబడిపోతుంది.

మరి ఎంత శాతం వస్తే మంచి విత్తనం? మన దేశంలో విత్తనానికి కనీస మొలకశాతం నిర్ణయించి ఉంది. వరికి 80, మినుము పెసర కందులకు 75, వేరుశనగకు 70, టమాటకు వంగకు 70, బెండకు 65, మిరపకు 60. అవును, మిరపకు అరవయ్యే. అరవై శాతం వస్తే చట్టం ప్రకారం ఆ విత్తనం పాసయినట్టే. కానీ తొంభై ఎనిమిది గుంతలుండే ప్రోట్రేలో, అంటే నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలో, అరవై శాతం అంటే దాదాపు ముప్పై తొమ్మిది గుంతలు ఖాళీగా ఉంటాయి, ఆ కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఆ నీళ్ళు, ఆ కూలి అన్నీ ఖాళీ గుంతకీ పెడుతున్నాం. గింజకు రూపాయి లెక్కన ధర పలికే రోజుల్లో ఈ అరవై శాతం హద్దు రైతుకు న్యాయంగా లేదని నా అభిప్రాయం, హైబ్రిడ్లకైనా దీన్ని పెంచాలి. అది జరిగేదాకా మన చేతిలో ఉన్నది ముందుగా తెలుసుకోవడమే. డెబ్బై శాతమే వస్తుందని ముందే తెలిస్తే దానికి తగ్గట్టు ఎక్కువ గింజ పోసుకుంటాం, లేదా ఆ ప్యాకెట్‌ను సీల్‌తో ఉన్న మిగతా ప్యాకెట్లతో సహా వెనక్కి తీసుకెళ్ళి నిలదీస్తాం. ఆగస్టు మధ్యలో తెలిస్తే ఏం చేయగలం? మళ్ళీ విత్తనం కొని, మళ్ళీ నారు పోసి, ఆ నారు నాటుకు రావడానికి మళ్ళీ దాదాపు ఆరు వారాలు ఆగాలి. కౌలు డబ్బు ముందే కట్టేసిన రైతుకు ఆ ఆలస్యం భరించే శక్తి ఉండదు.

మిద్దెతోటలు పెంచే విజయవాడ అక్కలు, అన్నలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది, కాకపోతే అన్ని గింజలూ ఒకేలా ఉండవు. కాకర గింజకు పెంకు గట్టిగా ఉంటుంది, దాని మొన దగ్గర గోళ్ళ కత్తెరతో కొంచెం చిదిపి, రాత్రంతా నానబెట్టి అప్పుడు గుడ్డలో చుడితే తొందరగా వస్తుంది. ధనియాలను అలాగే వేస్తే సరిగా రావు, అరచేత్తో నేలకేసి రుద్ది రెండు బద్దలు చేయాలి, ఎందుకంటే ఒక్కో కాయలో రెండు గింజలుంటాయి. వంటింట్లో ధనియాలు పాతవైతే ఎంత రుద్దినా లాభం లేదు. మిరప, టమాట గింజల్ని రాత్రి నానబెట్టి పొద్దున తీసేస్తే చాలు, రెండు మూడు రోజులు నీళ్ళలోనే ఉంచితే ఊపిరాడక చస్తాయి. తోటకూర, పాలకూర లాంటివాటికి గుడ్డ అవసరం లేదు, మెత్తటి మట్టిలో పైపైన చల్లి మట్టి పలచగా కప్పితే సరి. మొలకలను గుడ్డలోంచి కుండీకి మార్చేటప్పుడు వేరు పట్టుకోవద్దు, వేరు పావు అంగుళం సాగగానే మార్చేయాలి, పొడుగు పెరిగి గుడ్డకు అల్లుకున్నాక తీస్తే తెగుతుంది.

రంగు పూసిన విత్తనం విషయంలో మాత్రం జాగ్రత్త. కంపెనీ ప్యాకెట్లలో గులాబీ, నీలం రంగుల్లో వచ్చే గింజలకు తెగులు మందు, పురుగు మందు పట్టించి ఉంటాయి. వాటిని నానబెడితే ఆ మందు కడుక్కుపోతుంది, కాబట్టి నానబెట్టొద్దు, తడిగుడ్డలో నేరుగా పెట్టండి. ఆ గుడ్డ, ఆ డబ్బా మళ్ళీ వంటింట్లోకి రానివ్వొద్దు, చేతికి కవరు తొడుక్కోండి, పిల్లలకు అందకుండా పెట్టండి. పరీక్ష అయ్యాక మిగిలిన గింజల్ని కోళ్ళకు వేయడం లాంటి పనులు చేయనే వద్దు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, కొంచెం పక్కకు వెళ్ళినా ఫర్వాలేదు. ఇంట్లో విత్తనం మొలకెత్తించడం ఎలా అని ఫోన్లో వెతికితే గంజాయి గింజల వీడియోలు కూడా కనిపిస్తున్నాయి, కాలేజీ కుర్రాళ్ళు అవి చూసి కుండీలో ఒక మొక్కే కదా, గింజ కదా, ఏమవుతుంది అనుకుంటున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో సొంతానికి ఒకటి రెండు మొక్కలు పెంచుకోవచ్చన్న మినహాయింపు లేదు. అనుమతి లేకుండా గంజాయి మొక్క సాగు చేయడమే నేరం, పదేళ్ళ వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పిల్లలకు మొక్కల మీద నిజంగా ఇష్టం ఉంటే ఆ తడిగుడ్డలో మిరప గింజలు పెట్టించండి, మన గుంటూరులో పుట్టిన పిల్లాడికి సన్నం మిరప ఎలా మొలుస్తుందో తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మళ్ళీ అసలు విషయానికి వస్తాను. గుడ్డలో తొంభై శాతం మొలిచిన విత్తనం మడిలో యాభై శాతమే వచ్చిందని కొందరు ఫోన్ చేసి అడుగుతుంటారు. అప్పుడు తప్పు చాలావరకు విత్తనానిది కాదు, మడిది. మిరప గింజను అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతుకు మించి వేయకూడదు. నల్లరేగడిలో వాన కురిసి పైన పెచ్చు కడితే లోపలి మొలక పైకి రాలేక చస్తుంది, అందుకే మడి ఎత్తుగా చేసి, పైన ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి సన్నగా కప్పాలి. గడ్డి కప్పితే మంచిదే, కానీ మొలకలు కనపడిన రోజునే తీసేయాలి. ఇంకో రెండు రోజులు ఆగుదామనుకుంటే మొక్కలు తెల్లగా సాగిపోయి పడిపోతాయి. నీళ్ళు పారించకుండా పూలకుండీలకు పోసే రోజ్ డబ్బాతో పొద్దుటిపూట చిలకరించాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా తేమ నిలిచి నారుకుళ్ళు వస్తుంది, మొదలు దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి, ఒక్క రోజులో చాపలు చాపలుగా వాలిపోతాయి. దానికి కారణం మట్టిలో ఉండే శిలీంధ్రం. ఒత్తుగా పోసిన మడిలో అది ఎక్కువ. పలచగా వరసల్లో పోస్తే చాలావరకు తగ్గుతుంది, అందుకే మొలకశాతం తెలియక భయంతో గుప్పెడు ఎక్కువ చల్లేవాడు రెండు రకాలుగా నష్టపోతున్నాడు. మందు వాడాల్సి వస్తే గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్ళను, మండలంలో ఉద్యాన అధికారిని అడిగి వాడండి, కొట్టాయన ఇచ్చిన మూడు సీసాలు కలిపి కొట్టొద్దు.

విత్తనం దాచుకోవడం గురించి కూడా రెండు ముక్కలు. గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని, దాచే చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గిస్తే కూడా అంతేనని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, కాబట్టి సగం వాడిన ప్యాకెట్‌ను మడిచి గూట్లో పెడితే మరుసటి ఏడాదికి సగం కూడా మొలవకపోవచ్చు. గాజుసీసాలో గాలి చొరకుండా మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీసినప్పుడు వెంటనే తెరవకండి, సీసా గది వేడికి వచ్చాక తెరవండి, లేకపోతే గింజల మీద చెమ్మ పడుతుంది. హైబ్రిడ్ కాయలోంచి గింజ తీసి దాచేవాళ్ళకు ఇంకో సమస్య. అవి మొలుస్తాయి, బాగానే మొలుస్తాయి, కానీ తల్లిలాంటి మొక్కలు రావు, ఒక్కోటి ఒక్కో తీరు వస్తుంది. మొలక పరీక్ష ఆ సంగతి చెప్పదు. నకిలీ రకం అంటగట్టారా అన్నది కూడా ఈ పరీక్షలో తేలదు, దానికి పొలంలో కాయ దాకా చూడాల్సిందే.

ఇప్పుడు మోసపోయినప్పటి మాట. ప్యాకెట్ మీద లాట్ నంబరు (ఏ విడత విత్తనమో చెప్పే సంఖ్య), మొలకశాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు ఉంటాయి, పరీక్ష చేసిన తేదీ నుంచి మామూలుగా తొమ్మిది నెలలు చెల్లుతుంది. కొనేటప్పుడే ఆ తేదీ చదవండి, అక్షరాలు మరీ చిన్నవి, ఇంగ్లిషులో ఉంటాయి, కళ్ళజోడు తీసుకెళ్ళండి లేదా చదువుకునే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి. పక్కా బిల్లు తీసుకోండి, అందులో లాట్ నంబరు రాయించండి. ఒక ప్యాకెట్ సీల్ విప్పకుండా పంట అయ్యేదాకా దాచండి. తడిగుడ్డ పరీక్ష పెట్టిన రోజు, లెక్క తీసిన రోజు ప్యాకెట్ పక్కన పెట్టి ఫోటో తీయండి. ఇంటి పరీక్షకు కోర్టులో ల్యాబ్ రిపోర్టుకున్న విలువ ఉండదు, కానీ ఫిర్యాదు ఎప్పుడు మొదలుపెట్టాలో అది చెబుతుంది, మడి ఎండిపోయాక కాకుండా సీల్ ప్యాకెట్ చేతిలో ఉండగానే వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్ళి అధికారికంగా పరీక్ష చేయించమని రాసివ్వొచ్చు.

1966 విత్తన చట్టం కింద తప్పు చేసినవాడికి మొదటిసారి పడే జరిమానా ఐదు వందల రూపాయలకు మించదు. ఆ కాలంలో ఐదు వందలంటే ఎంతో, ఇప్పుడు అది ఒక చిన్న మిరప విత్తన ప్యాకెట్ ధరకు కూడా చాలదు. 2004లో కొత్త విత్తన బిల్లు రాజ్యసభలో పెట్టారు, అది చట్టం కాలేదు. అందుకని రైతుకు నిజంగా పనికొచ్చే దారి వినియోగదారుల కమిషనే. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసులోనే 2012 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉందని చెప్పి అతన్ని వినియోగదారుల కోర్టుకు రాకుండా ఆపలేరని. రైతు పరీక్ష కోసం విత్తనం దాచిపెట్టి ఉంచుతాడని అనుకోవడం కుదరదని కూడా ఆ తీర్పులో ఉంది. ఈ సంగతి ఎంతమంది రైతులకు తెలుసు? నష్టం జరిగిన రెండేళ్ళలోపు కేసు వేయాలి, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో పెద్ద మార్పు వచ్చింది, దాని మీద ఎవరూ మాట్లాడటం లేదు. ఇప్పుడు చాలామంది రైతులు విత్తనం కొనడం మానేసి షేడ్‌నెట్ (నీడవల) కింద నారు పెంచే నర్సరీల దగ్గర నారే కొంటున్నారు. పని తగ్గింది, మొక్క బాగా వస్తోంది, కాదనను. కానీ రైతు ప్యాకెట్‌ను కళ్ళతో చూడడం లేదు. ఏ రకం, ఏ లాట్, ఎప్పటి పరీక్ష, ఏదీ తెలియదు, నర్సరీ ఆయన చెప్పిన పేరే పేరు. రేపు రకం తేడా వస్తే కంపెనీ మీద కేసు వేయడానికి రైతు దగ్గర విత్తనం బిల్లే ఉండదు. మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల నియంత్రణకు 2010లోనే చట్టం చేశారు. ప్రతి నర్సరీ తాను కొన్న విత్తనం ఖాళీ ప్యాకెట్‌నో దాని జిరాక్సునో నారుతో పాటు ఇవ్వాలని, బిల్లులో లాట్ నంబరు రాయాలని అధికారులు గట్టిగా చెప్పాలి. రైతులు కూడా అడ్వాన్సు ఇచ్చే రోజునే ఈ మాట అడగాలి, నారు బండి ఎక్కించాక అడిగితే ఎవరూ వినరు.

రైతు సేవా కేంద్రాల్లో పనిచేసే సిబ్బందికి నా విన్నపం, ప్రతి కేంద్రంలో ఒక బల్లమీద, ఊళ్ళో ఎక్కువమంది కొంటున్న నాలుగైదు రకాల విత్తనాలు పెట్టి, జూన్‌లోనే మొలక పరీక్ష చేసి ఫలితం గోడమీద రాయండి. ఒక రైతు వంద గింజలు ఖర్చు చేస్తే ఊరంతటికీ ఆ లాట్ గురించి తెలుస్తుంది. అందరూ విడివిడిగా పెట్టాల్సిన పని కూడా ఉండదు. మీ పత్రిక వ్యవసాయం పేజీలో ధరలు వేస్తున్నారు, మిరప యార్డుకు ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయో వేస్తున్నారు, అవి అవసరమే. వాటితో పాటు జూన్, జూలై నెలల్లో ఏ పంట గింజను ఎన్ని రోజులు ఉంచాలి, ఎన్నో రోజున లెక్కపెట్టాలి, కనీసం ఎంత శాతం రావాలి అనే చిన్న పట్టిక వారానికి ఒకసారి వేయమని కోరుతున్నాను. కత్తిరించి గోడకు అంటించుకునేలా వేస్తే ఇంకా మేలు.

ఇట్లు,
ఒక మిరప రైతు కుటుంబ సభ్యుడు,
గుంటూరు